మంచు చెక్కిన లోయలు, మోసిన రాళ్లు

ఏరా, ఎలా ఉన్నావ్?

మంచు అంత మెత్తగా ఉంటుంది, కొండల్ని ఎలా కోస్తుందిరా అని అడిగావు కదా. వట్టి మంచైతే పెద్దగా ఏమీ చెయ్యలేదు. అసలు పనంతా దాని అడుగున ఇరుక్కున్న రాళ్లది. కరిగిన నీళ్లు బండ పగుళ్లలోకి దిగి మళ్లీ గడ్డకడతాయి, పైనున్న హిమానీనదం (అదే, మెల్లగా జారే మంచు నది) కదిలినప్పుడు ఆ ముక్కల్ని పెళ్లగించి తనతో లాక్కుపోతుంది, ఇక అక్కణ్ణుంచి అది వందల మీటర్ల మందమున్న సాండ్‌పేపరే అనుకో. అది వెళ్లిపోయాక బండ మీద ఒకే దిక్కుకు పోయే సన్నటి గీతలు మిగులుతాయి. కొన్ని బండలైతే మంచు ఎక్కి వచ్చిన వైపు నున్నగా, దిగిపోయిన వైపు ముక్కలు పీకేసినట్టు గరుకుగా ఉంటాయి. ఆ ఒక్క బండ చాలు, వేల ఏళ్ల కిందట మంచు ఎటు నుంచి ఎటు పోయిందో చెప్పెయ్యడానికి. అలా అరిగిన రాతిపిండి నీళ్లలో తేలుతూ ఉండటం వల్లే కెనడాలోని లేక్ లూయీస్‌కి ఆ పచ్చనీలం రంగు.

నది ‘వి’ ఆకారంలో తవ్వుకుంటూ పోతుంది, హిమానీనదం వచ్చి దాన్నే ‘యు’గా వెడల్పు చేస్తుంది, ఇదంతా మనం బళ్లో బట్టీ కొట్టిందే. నాకు నచ్చేది పక్కనుంచి వచ్చి కలిసే చిన్న హిమానీనదాల సంగతి. వాటికి పెద్దదానంత లోతుగా తవ్వే సత్తా ఉండదు, అందుకని మంచు కరిగాక వాటి లోయలు గోడ మీద ఎక్కడో పైన ఆగిపోతాయి. స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రున్నెన్‌లో దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం అలా వచ్చిందే. ఇలా మంచు తవ్విన లోయలోకి సముద్రం చొచ్చుకొస్తే దాన్ని ఫియోర్డ్ అంటారు, నార్వేలో సోంగ్నే ఫియోర్డ్ అయితే మరీ విడ్డూరం. 200 కిలోమీటర్లకు పైగా పొడవు, లోపల 1,300 మీటర్ల లోతు, తీరా సముద్రంలో కలిసే చోట లోతు చాలా తక్కువ! తీరం దగ్గర మంచు పలచబడి, విడిపోయి, తవ్వే బలం తగ్గిపోయింది మరి.

ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ లాంటి కోసు శిఖరాలు కూడా ఇలా నాలుగు వైపులా మంచు కొరికేయగా మిగిలినవే, వాటి ఫోటోలు నువ్వు బోలెడు చూసే ఉంటావు. నన్నడిగితే మాత్రం శిఖరాల కంటే చెత్త దిబ్బలే గొప్ప. నవ్వకు. నీళ్లు రాళ్లను ఒక చోట, ఇసుకను ఒక చోట, బురదను ఇంకో చోట వేరుచేసి పడేస్తాయి. మంచుకు ఆ ఓపిక లేదు, పిండి లాంటి మట్టీ ఇల్లంత బండా కలిపి ఒకే కుప్పగా పోసేస్తుంది. దాన్నే మొరైన్ అంటారు. ఇంకో విషయం, హిమానీనదం ‘వెనక్కి తగ్గుతోంది’ అంటాం గానీ లోపల మంచు అప్పుడు కూడా ముందుకే వస్తుంటుంది, వచ్చినదానికంటే కరిగేది ఎక్కువ, అంతే తేడా. రెండూ సరిసమానమై కొస ఒకే చోట నిలిచిపోయిన కాలంలో రాళ్లు వచ్చి వచ్చి అక్కడే పోగుపడతాయి. అమెరికాలో లాంగ్ ఐలండ్ చాలావరకు అలాంటి కుప్పే. కెనడాలోని అల్బెర్టాలో చదునైన నేల మీద ఒంటరిగా కూర్చున్న 16,500 టన్నుల ఓకోటోక్స్ బండ కూడా రాకీ పర్వతాల నుంచి మంచు మీద ఎక్కి వచ్చిందే. ఇలాంటి ఊరూపేరూ లేని బండలను జలప్రళయం మోసుకొచ్చిందని ఒకప్పుడు చాలామంది నమ్మేవాళ్లు. 1837లో లూయీ అగాసీ అనే స్విస్ శాస్త్రవేత్త ఇదంతా మంచు పని అంటే పెద్దలెవరూ ఓ పట్టాన ఒప్పుకోలేదు.

పాత కథలే కదా అని తీసిపారెయ్యకు. మన హిమాలయాల్లో కరిగిన నీళ్లు ఈ మొరైన్ల వెనకే సరస్సులుగా నిలుస్తున్నాయి. ఆ కట్టను ఎవరూ కట్టలేదు, అందులో రాయికీ రాయికీ అతుకు లేదు, కొన్నిచోట్ల లోపల ఇంకా పాత మంచే ఉంటుంది. 2023 అక్టోబర్‌లో సిక్కింలో దక్షిణ లోనాక్ సరస్సు పక్కనున్న గడ్డకట్టిన మొరైన్ జారి నీళ్లలో పడింది, లేచిన అలకు సరస్సు ముందువైపు కట్ట తెగింది, కింద చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా నది మీదున్న డ్యామ్ కొట్టుకుపోయింది.

ఎస్కర్లూ డ్రమ్లిన్లూ అని మంచు వదిలే దిబ్బలు ఇంకొన్ని ఉన్నాయి, వాటి గురించి మళ్లీ రాస్తాలే, చెయ్యి నొప్పెడుతోంది. వెంటనే జవాబు రాయి.

నీ
నేస్తం