కీతో పాటు కారణం కూడా ఇవ్వండి

సంపాదకుడు గారికి,

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే పరీక్షల జవాబుల కీ విడుదలైతే చాలు, చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి అశోక్‌నగర్ దాకా ఏ టీ కొట్టు దగ్గర చూసినా పిల్లలు ఫోన్లలో రెస్పాన్స్ షీట్లు (తాము పెట్టిన జవాబుల పత్రాలు) తెరిచి జవాబులు సరిచూసుకుంటూ కనిపిస్తారు. లెక్కల్లో తేడా వస్తే ఎవరో ఒకరు కాగితం మీద చేసి చూపిస్తారు, అక్కడితో అయిపోతుంది. ఇంగ్లీష్ గ్రామర్ దగ్గరికి వచ్చేసరికి వాదన తెగదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పి రిటైరైనవాణ్ణని తెలిసి కొందరు నా దగ్గరికీ వస్తుంటారు. "సార్, ఇది ఎందుకు తప్పు?" అని అడుగుతారు. కీలో ఆప్షన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. పరీక్ష పెట్టినవాళ్లు ఏ సూత్రాన్ని అనుకున్నారో నేను ఊహించి చెప్పాల్సి వస్తోంది.

ఇది చిన్న విషయం కాదు. డిగ్రీ చదివినవాళ్లకు కమిషన్ పెట్టే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ పరీక్ష రెండో దశలో (టైర్-2) 390 మార్కులకు గాను ఇంగ్లీష్‌కే 135 ఉన్నాయి. 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పు రాస్తే 1 మార్కు కోత. ఒక్క ప్రశ్న అటూ ఇటూ అయితే 4 మార్కుల తేడా. కటాఫ్ దగ్గర అంతకంటే తక్కువ తేడాతోనే ఉద్యోగాలు పోతాయి. పైగా ఈ పిల్లల్లో చాలామంది పల్లెల నుంచి వచ్చి, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. ఇంగ్లీష్ వాళ్లు చెవితో నేర్చుకోలేదు, రూల్స్ బట్టి నేర్చుకున్నారు. రూల్ ఏమిటో చెప్పకుండా తప్పు అంటే వాళ్లు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

వాక్యంలో తప్పు పట్టుకోమనే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నలో "కమిటీ" తర్వాత "హ్యావ్" ఉన్న వాక్యం ఇచ్చారనుకోండి. సభ్యులను విడివిడిగా చూస్తే బ్రిటిష్ వాడుకలో అది తప్పు కాదు, అమెరికన్ వాడుకలో "హ్యాజ్" అనడమే మామూలు. "నన్ ఆఫ్ ద స్టూడెంట్స్" తర్వాత "వాజ్" మాత్రమే రావాలని పట్టుబట్టే పుస్తకాలున్నాయి, "వర్" కూడా సరైనదేనని ఇప్పటి మంచి నిఘంటువులు చెబుతున్నాయి. ఇలాంటి వాక్యానికి "నో ఎర్రర్" అనే ఆప్షన్ కూడా పెడితే ఎక్కువ చదివిన పిల్లవాడే నష్టపోతాడు. వాడికి రెండు వాడుకలూ తెలుసు మరి.

అభ్యంతరం చెప్పే వీలుంది, నిజమే. ప్రశ్నకు ఇంత అని ఫీజు కట్టి, ఆధారాలు జతచేసి, గడువులోగా పంపాలి. తర్వాత ఫైనల్ కీ వస్తుంది. అందులోనూ మళ్లీ నంబర్లే. అభ్యంతరాన్ని ఎందుకు తోసిపుచ్చారో ఒక్క ముక్క ఉండదు. కోర్టుకు వెళ్దామా అంటే, కీ సరైనదేనని అనుకునే ముందుకు వెళ్లాలని 2017లో రణ్ విజయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌లో ఒకే ఒక్క ఫిజిక్స్ ప్రశ్నకు రెండు జవాబులు ఒప్పుకోవడంపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక్క జవాబే సరైనదని ఐఐటీ ఢిల్లీ నిపుణులు తేల్చాక పూర్తి మార్కుల వాళ్లు 61 మంది నుంచి 17 మందికి తగ్గారు. ఫిజిక్స్‌కే అంత పరిశీలన అవసరమైతే, పుస్తకానికో మాట చెప్పే గ్రామర్ సంగతి ఏమనాలి?

పరీక్షలు జరుగుతుండగా ప్రశ్నలను సోషల్ మీడియాలో విశ్లేషించవద్దని 2025 సెప్టెంబరులో కమిషన్ హెచ్చరించింది. షిఫ్టులు మిగిలి ఉన్నప్పుడు ఆ జాగ్రత్త న్యాయమే, నేను దాన్ని సమర్థిస్తాను. కీ వచ్చాక పరిస్థితి వేరు. అప్పుడు అధికారికంగా వివరణ లేకపోతే పిల్లలు కోచింగ్ సెంటర్ల మీదే ఆధారపడతారు. ఒక్కో సెంటర్ ఒక్కో జవాబు చెబుతుంది. ఫీజు కట్టలేక గ్రంథాలయంలో సొంతంగా చదువుకునేవాళ్లకు ఆ మాత్రం దిక్కు కూడా లేదు.

ప్రశ్న తయారు చేసినవారి మనసులో ఒక సూత్రం తప్పకుండా ఉంటుంది. దాన్ని ఆ రోజే రెండు వాక్యాల్లో రాయించి, కీతో పాటు విడుదల చేయమని కమిషన్‌ను కోరుతున్నాను. అభ్యంతరాన్ని తిరస్కరిస్తే కారణం కూడా ఫైనల్ కీలో ఇవ్వాలి. పరీక్షలో ఏ వాడుకను ప్రమాణంగా తీసుకుంటారో, బ్రిటిషా అమెరికనా, నోటిఫికేషన్‌లోనే చెప్పాలి. రెండూ చెల్లుతాయని తేలిన ప్రశ్నకు ఆ రెండు ఆప్షన్లకూ మార్కులు కలపాలి. మన రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ కూడా తన పరీక్షల్లోని ఇంగ్లీష్ ప్రశ్నలకు ఇదే పద్ధతి మొదలుపెడితే అశోక్‌నగర్‌లో చదువుకుంటున్న వేలాది మందికి మేలు జరుగుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీష్ అధ్యాపకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్