టైటాన్స్‌కు కావలసింది కార్నర్లు

సంపాదకులకు,

ప్రో కబడ్డీ లీగ్‌లో మన తెలుగు టైటాన్స్ ఓడితే అభిమానులు రైడర్లనే, అంటే కూతకు వెళ్లేవాళ్లనే తిడతారు. 2023లో రూ.2.6 కోట్లకు పైగా పెట్టి స్టార్ రైడర్ పవన్ సెహ్రావత్‌ను కొన్నాం. అయినా ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచాం. నిజమే. కానీ అసలు చిల్లు కార్నర్ల దగ్గర, అంటే రెండు చివర్లా నిలబడే డిఫెండర్ల దగ్గరుంది. మనవాళ్లు ముగ్గురే మిగిలినప్పుడు రైడర్‌ని పట్టేస్తే సూపర్ ట్యాకిల్, 2 పాయింట్లు. రైడర్‌కున్నవి 30 సెకన్లే, అతను వెనక్కి తిరిగేదాకా మనవాళ్లు ఆగాలి. చెడుగుడు ఆడే పల్లెటూరి పిల్లలకూ తెలిసిన సంగతే. ఆగరు. ఎడమ కార్నర్ ఒక్కడే చీలమండ మీదికి దూకుతాడు, అతని పక్కన లోపలివైపు నిలబడే డిఫెండర్, అంటే కవర్, కదలడు. రైడర్ అతన్ని ఈడ్చుకుంటూ వెళ్లి మధ్యగీత తాకేస్తాడు. కాసేపటికే మనవాళ్లంతా అవుటై ఆలౌట్, అవతలివాళ్లకు అదనంగా 2. వేలంలో ఇంకో స్టార్ రైడర్ వద్దు, కలిసి ఆడిన అనుభవమున్న కార్నర్-కవర్ జోడీని కొనండి.

- ఓ కబడ్డీ అభిమాని, ఏలూరు