మూడో నంబరులో ఈటీవీ

పర్లాకిమిడి
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

నువ్వు శుక్రవారం పెట్టిన వాయిస్ మెసేజ్ మీ అమ్మా నేనూ రెండుసార్లు విన్నాం. కంప్యూటర్ ఆటలో మాలాంటి అభిమానులు సొంతంగా చేసే మార్పులకి, అదే మోడ్స్‌కి, ఆట కంపెనీవాళ్ళే ఇక సపోర్ట్ ఇస్తారట, మా ప్యాక్ పని అయిపోయినట్టే అంటుంటే నీ గొంతు డీలాగా ఉంది. మీ అమ్మ "పరీక్ష గానీ పోయిందా" అంది. నాకు మాత్రం సంగతి బాగానే అర్థమైంది. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "సరే నాన్నా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

దసరా సెలవుల్లో ల్యాప్‌టాప్ తెచ్చి చూపించావు కదా. మీ నలుగురూ కలిసి 140 మోడ్స్ ఒక ప్యాక్‌గా కట్టారనీ, ఏది ముందు లోడ్ అవ్వాలో ఏది తర్వాతో తేల్చడానికే నెల పట్టిందనీ, విడివిడిగా బాగున్న రెండు మోడ్స్ పక్కపక్కన చేరితే ఆట తెరుచుకోగానే మూసుకుపోతుందనీ చెప్పావు. నేను నవ్వాను, నువ్వు ఉడుక్కున్నావు. నేను నవ్వింది కేబుల్ టీవీ నడిపిన మన మేడమీద గది గుర్తొచ్చి.

ఆ గదిలో వేడి నీకూ గుర్తుండే ఉంటుంది. ఒక్కో ఛానెల్‌కీ ఒక రిసీవరు, దాన్ని టీవీలో ఒక నంబరు మీదికి ఎక్కించే ఒక మాడ్యులేటరు. అన్నీ కలిపి ఒకే వైరులోకి తోసి 300 ఇళ్ళకు పంపేవాణ్ణి. పక్కపక్క నంబర్లలో ఒకదాని సిగ్నలు ఎక్కువైతే దాని సౌండు రెండోదాని బొమ్మ మీదికి గీతలుగా ఎక్కేది. రెండు ఛానెళ్ళూ మంచివే, రిసీవర్లూ మంచివే, పొత్తే కుదరదు. మీటరు పెట్టుకుని ఒకటి తగ్గించి, ఒకటి పెంచి, ఒకదాన్ని తీసుకెళ్ళి పదో నంబరులో పడేసి, తెల్లారేదాకా కూర్చున్న రోజులున్నాయి. మూడో నంబరులో ఈటీవీ వచ్చేది. బ్రాహ్మణ వీధి మామ్మగారికి చదువు రాదు, రిమోట్ మీద మూడు ఎక్కడుందో మాత్రం తెలుసు. ఆవిడ పోయేదాకా నేను ఆ మూడు మార్చలేదు. ఒడియా ఇళ్ళకు ఏది కావాలో, తెలుగు ఇళ్ళకు ఏది కావాలో, రెండూ మాట్లాడే ఇళ్ళకు ఏది కావాలో అంతా ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. అదే నా ప్యాక్.

తర్వాత డిజిటల్ వచ్చింది. 2011లో చట్టం మార్చారు, మనలాంటి ఊళ్ళకు 2017 మొదట్లో ఆఖరు గడువు. సెట్‌టాప్ బాక్సు లేకపోతే బొమ్మ లేదు. నిజం చెప్పాలంటే బొమ్మ అద్దంలా ఉండేది. వాన పడితే చుక్కలు లేవు, దొంగ కనెక్షన్లు లేవు, "ఏమయ్యా, మా ఇంట్లో గీతలు" అంటూ రాత్రి పదింటికి ఫోన్లు లేవు. అధికారికంగా వచ్చేది అంతా చెడ్డదని నేననను. మీ ప్యాక్‌ని ఎక్కించుకోలేక సతమతమయ్యే పిల్లలు రేపు ఒక్క బటన్ నొక్కి మోడ్ పెట్టుకుంటారు. మంచిదే కదా. ఆ సతమతాన్ని తీర్చడమే మీ గొప్ప అనుకుంటే మాత్రం ఆ గొప్ప పోతుంది.

రెండు రాత్రులు యూట్యూబ్‌లో కూర్చుని కొంత చూశాను. బాల్డర్స్ గేట్ 3 అనే ఆటకి 2024 సెప్టెంబరులో ప్యాచ్ 7 అనే అప్‌డేట్‌తో పాటు కంపెనీవాళ్ళే మోడ్ టూల్స్ ఇచ్చారు, ఆటలోనే మోడ్ మేనేజరు పెట్టారు. తర్వాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ఆడేవాళ్ళకీ మోడ్స్ అందాయి, కాకపోతే కంపెనీ సరేనన్నవే. కొత్త మ్యాపులు కట్టే భాగానికి మాత్రం ఆ టూల్స్‌లో తాళం వేసి ఉంచారు. కొద్ది రోజుల్లోనే అభిమానులు ఆ తాళం తీసేశారట. కంపెనీ ఎంత తలుపు తెరిస్తే అంతవరకే రాజమార్గం, అంతకంటే లోపలికి పోవాలంటే మళ్ళీ మీలాంటివాళ్ళే.

రాజమార్గంలో ఇంకో సుఖం ఉంది. లోతైన మోడ్స్ నడవడానికి అభిమానులే కట్టారని నువ్వు చెప్పిన ఆ స్క్రిప్ట్ ఎక్స్‌టెండరు ఆట ప్రోగ్రాము లోపలి అడ్రసులు పట్టుకుని వేలాడుతుంది కదా, అప్‌డేట్ వస్తే అడ్రసులు మారిపోయి తెగిపోతుంది. శాటిలైట్ మీద ఫ్రీక్వెన్సీ మార్చిన రోజు నా పనీ అంతే. డిష్ అక్కడే ఉంటుంది, తెర మీద నల్లగా ఉంటుంది. ఫాల్ఔట్ 4 అనే ఆటకి ఫాల్ఔట్ లండన్ అని కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి కట్టిన మోడ్‌ని 2024 ఏప్రిల్ 23న విడుదల చేద్దామనుకుంటే, ఆ ఆటకే పెద్ద అప్‌డేట్ రెండు రోజుల తేడాలో ఉందని తెలిసి ఆగిపోయారు. చివరికి జులై 25న వచ్చింది. అదీ ఆటను పాత వెర్షనుకి వెనక్కి తిప్పుకుంటేనే ఆడేది. కంపెనీ తనే ఒక గట్టి తలుపు ఇచ్చి, దాని కొలతలు మార్చనని మాటిస్తే ఈ టెన్షన్ చాలా తగ్గుతుంది. పైపై మోడ్స్ అటు మార్చేసుకోండి, బరువు దిగుతుంది. లోతైనవి ఏవో ముందే గుర్తుపెట్టి వేరుగా ఉంచండి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. డిజిటల్ వచ్చినప్పుడు పైనున్న పెద్ద కేబుల్ కంపెనీవాళ్ళు "మీ కనెక్షన్ల లిస్టు ఇవ్వండి, సిస్టంలో ఎక్కిస్తాం" అన్నారు. మీ బాబాయి చేత ఎక్సెల్‌లో టైపు చేయించి, నీట్‌గా ప్రింటు తీసి మరీ ఇచ్చాను. ఆర్నెల్లయ్యేసరికి ఆ ఇళ్ళు వాళ్ళ కస్టమర్లు, నేను వసూళ్ళ మనిషిని. నోటుబుక్కు చిన్నదనుకున్నాను, నా వ్యాపారమంతా అదేనని తర్వాత తెలిసింది. మీ 140 పేర్లూ, ఏ వెర్షనో, ఏ వరుసో, ఏ సెట్టింగు ఎందుకు మార్చారో రాసుకున్న ఫైలు కంపెనీ పేజీలో ఒక్కచోటే పెట్టి ఊరుకోవద్దు. మీ దగ్గరా ఒక కాపీ ఉండాలి. వాళ్ళు ఒప్పందం అని చూపించేది చదవకుండా టిక్కు పెట్టవద్దు, ముఖ్యంగా అప్‌లోడ్ చేసింది ఎవరిది అవుతుందనే పేరా.

ఇంకొకటి, ఇది నాకు చెప్పుకోవడానికి సిగ్గు. మన లోకల్ ఛానెల్‌లో రథయాత్ర, రామనవమి పందిరి, పెళ్ళి వీడియోలతో పాటు ఆదివారం మధ్యాహ్నం డీవీడీ పెట్టి సినిమాలు వేసేవాణ్ణి. ఎవరినీ అడిగింది లేదు. ఊరంతా చూసేది, నన్ను మెచ్చుకునేది, కానీ అవి నావి కావు. నీ ప్యాక్‌లో ఎవరెవరి మోడ్స్ ఉన్నాయో వాళ్ళను అడిగారా? ఊరికే పంచుకున్నంతకాలం ఎవరూ పట్టించుకోరు, డబ్బు వాసన తగిలితే కథ మారుతుంది. 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ అనే ఆట మోడ్స్‌ని డబ్బుకు అమ్మనిచ్చారు, చేసినవాళ్ళకు 25 శాతమట. చేపలు పట్టే మోడ్ ఒకదానిలో వేరొకరి యానిమేషన్ ఉందని వెంటనే గొడవైంది. ఆ అమ్మకమే వారం తిరక్కుండా ఎత్తేశారు. మీ కంపెనీ రేపు దుకాణం తెరిస్తే మొదటి గొడవ మీ నలుగురి మధ్యే రావచ్చు. ఇప్పుడే అందరికీ మెసేజ్ పెట్టి, వచ్చిన జవాబులు దాచు.

2019లో రూల్సు మళ్ళీ మారాయి. 130 రూపాయలకు 100 ఛానెళ్ళు, పైన ఏది కావాలంటే దానికి ధర. మన వైపు ఇచ్చిన ప్యాక్ ఒడియాదీ హిందీదీ. ఒడిశా బోర్డరు దాటితే ఆంధ్రాలో పాతపట్నం, అక్కడ తెలుగు ప్యాక్. మన వీధిలో మాత్రం తెలుగు విడిగా ఏరుకోవాలి. ఎవరికీ ఆ ఫారం అర్థం కాలేదు. నేను నోటుబుక్కు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి టిక్కులు పెట్టాను. కంపెనీ సిస్టంలో కార్డు నంబర్లున్నాయి గానీ, ఎవరింట్లో ఎవరు ఏ వేళకు ఏం చూస్తారో లేదు. ఆ నెల నన్ను లోపలికి పిలిచి కాఫీ ఇవ్వని ఇల్లు లేదు.

నీలాగా పాత ల్యాప్‌టాప్‌లో ఆడేవాళ్ళ కోసం బొమ్మల బరువు తగ్గించి ఒక ప్యాక్ కడతానన్నావు, అది ఎంతవరకొచ్చింది? వచ్చే శనివారం బరంపురం నుంచి వస్తే ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకురా, బీరువాలో నోటుబుక్కు పక్కన పెడతాను. బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్ళోనే పెట్టుకో, పైన పెట్టకు.

మీ నాన్న