చెరువు బొమ్మ కింద నెల కూడా వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో మా చెరువును పూడ్చి ప్లాట్లు వేశారన్న వార్త, దాని పక్కన 'అప్పుడు – ఇప్పుడు' అని వేసిన రెండు ఉపగ్రహ చిత్రాలు చూశాను. మర్నాడు అధికారి గారి వివరణ కూడా వేశారు. చెరువు ఎప్పుడు తగ్గిందో చెప్పే రికార్డు తమ దగ్గర లేదట. ఆకాశం నుంచి తీసిన ఫొటోలను ఆధారంగా తీసుకోలేమట. అంతే, ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. ఎవరైనా జవాబు రాస్తారేమోనని వారం రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు మీ పత్రిక మీదే నా ఫిర్యాదు. ఆ రెండు బొమ్మల కింద సంవత్సరాలు వేశారు, నెలలు వేయలేదు. మొదటి బొమ్మ వానలు తగ్గాక తీసింది, మొరవ (అలుగు) దాకా నీళ్ళున్నాయి. రెండోది నడి ఎండాకాలంలో తీసింది, చుట్టూ ఉన్న చేలు కూడా ఎండి తెల్లబడి ఉన్నాయి. మన వైపు చెరువులు నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలకు. మే నెలలో తీస్తే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల సగం చెరువులు ఆట మైదానాల్లాగే కనిపిస్తాయి. ఈ తేడా పల్లెలో చదువు రాని రైతుకు కూడా తెలుసు. మీరు జనవరి బొమ్మ పక్కన జనవరి బొమ్మే వేసి ఉంటే ఆ అధికారికి అంత తేలిగ్గా కొట్టిపారేసే వీలు ఉండేది కాదు.

ఇక ఆయన మాటకు వస్తాను. రికార్డు లేదనడం నిజం కాదు. నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా సోషల్ చెప్పాను. 1988 మార్చిలో పైనుంచి భూమిని ఫొటోలు తీసే మన మొదటి పూర్తిస్థాయి దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్‌ఎస్–1ఎ సోవియట్ రాకెట్ మీద వెళ్ళిన రోజు పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను. అమెరికా వాళ్ళ లాండ్‌శాట్ అయితే 1972 నుంచే భూమిని ఫొటోలు తీస్తోంది. ఆ ఫొటోలన్నీ 2008 నుంచి ఎవరికైనా ఉచితం. మన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ హైదరాబాదులోనే ఉంది. ఉపగ్రహ పటాలు చూపించే వాళ్ళ భువన్ వెబ్‌సైట్ 2009లో వచ్చింది. 2005–06, 2011–12, 2015–16 సంవత్సరాలకు దేశమంతటి భూ వినియోగ పటాలు వాళ్ళు తయారు చేసి పెట్టారు.

ఫొటోలో వివరం చాలదంటారా? మనకు తెలిసిన లెక్కలోనే చెబుతాను. ఇప్పటి లాండ్‌శాట్ బొమ్మలో ఒక్కో గడి (పిక్సెల్) ముప్పై మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంటే సుమారు 22 సెంట్లు. 2015లో మొదలైన యూరప్ వాళ్ళ సెంటినెల్–2 బొమ్మలో గడి పది మీటర్లు, రెండున్నర సెంట్లు. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్–4 కెమెరా గడి 5.8 మీటర్లు, ఒక సెంటు కూడా లేదు. సెంటు స్థలం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే ఊళ్ళు మనవి. పదుల ఎకరాల చెరువు కనపడకుండా పోతే ఆ బొమ్మల్లో తెలియదా? రిసోర్స్‌శాట్–2ను 2011లో, 2ఎను 2016లో పంపింది శ్రీహరికోట నుంచే. ఆ శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఇక్కడి నుంచి పైకి వెళ్ళి, ఇక్కడి నేలనే ఫొటో తీసి పంపిస్తుంటే, వాటిని ఇక్కడి కార్యాలయం చూడనంటోంది.

పోయిన వేసవిలో నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు ఇంటికి వస్తే ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని మా చెరువు బొమ్మలు తీశాం. ప్రతి ఏడాదీ జనవరివే తీసుకున్నాం. నవంబరులో మబ్బు అడ్డం వస్తుంది, ఎండాకాలంవి నమ్మలేం. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. నీళ్ళు ఆ పరారుణాన్ని కూడా మింగేస్తాయి. మేము తీసిన బొమ్మల్లో పరారుణానికి ఎరుపు రంగు వేస్తారు. అందుకని వాటిలో పైరు ఎర్రగా, నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. మొదటి సంవత్సరాల్లో చెరువు నల్లగా, దాని కింద ఆయకట్టు ఎర్రగా ఉన్నాయి. తర్వాత కొన్నేళ్ళు వానల్లేక చెరువులో సర్కారు తుమ్మ పెరిగింది. అది కూడా ఎర్రగానే కనిపించేసరికి పైరని పొరపడ్డాం. మర్నాడు కట్ట మీదికి వెళ్ళి పాత రైతులను అడిగితే గానీ అది తుమ్మ అని తేలలేదు. ఆ తర్వాతి బొమ్మల్లో తుమ్మ పోయింది, గరుసు తోలిన నేల తెల్లగా మెరిసింది, ఏడాది తిరిగేసరికి దాని మీద తిన్నని గీతలు వచ్చాయి. తిన్నని గీతలంటే రోడ్లు. చెరువులో తిన్నని రోడ్లు వానకు పుట్టవు కదా. ఏ జనవరికి, ఏ జనవరికి మధ్య ఆ గీతలు వచ్చాయో వేలు పెట్టి చూపించగలం.

ఒక్క ఫొటోతో తీర్పు చెప్పమని నేను అనడం లేదు. ఎండిన చెరువు, బీడు భూమి, కొత్త లేఅవుట్ మూడూ ఒకే బొమ్మలో ఒకేలా ఉండవచ్చు. ఆ నేల ఎవరి పేరున ఉందో కూడా ఉపగ్రహం చెప్పదు. దానికి రెవెన్యూ వాళ్ళ సాగు రికార్డు అడంగల్, పొలం కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీ చూడాలి. కానీ ముప్పై ఏళ్ళ బొమ్మలు వరుసగా పేర్చి, నేల మీద నడిచి సరిచూస్తే అది రికార్డు కాక మరేమిటి? కరువు మండలాలు ప్రకటించేటప్పుడు ప్రభుత్వం ఉపగ్రహం చెప్పిన పచ్చదనం లెక్క చూస్తుంది. రెండేళ్ళకోసారి వచ్చే అడవుల నివేదిక కూడా ఉపగ్రహ చిత్రాలతోనే తయారవుతుంది. రైతుకు కరువు సాయం ఇవ్వడానికి పనికొచ్చే ఫొటో చెరువు కాపాడటానికి పనికిరాదా?

అడవుల నివేదిక అన్నాను కాబట్టి ఇంకో మాట. హెక్టారుకు పైబడిన చోట పది శాతం చెట్ల గొడుగు ఉంటే చాలు, ఆ నివేదికలో అడవి కింద లెక్క. తోటలు కూడా అందులోకే వస్తాయి. మన జిల్లాల్లో మామిడి తోటలు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. ఈసారి 'పచ్చదనం పెరిగింది' అని వార్త వేసేటప్పుడు అది శేషాచలం అడవా, తోతాపురి తోటా అని ఒక్కసారి అడిగి వేయండి.

2021 నవంబరు మరిచిపోయామా? తిరుపతిలో కాలనీలు మునిగాయి. రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది పల్లెల వాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళారు. వాన ఎక్కువ పడిన మాట నిజమే. కానీ పడిన నీళ్ళు పోవడానికి వంకలు, నిలవడానికి కుంటలు ఎక్కడున్నాయి? గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011లోనే జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. జిల్లాలు విడిపోయాక నేను మా చెరువు గురించి అర్జీ ఇస్తే ఫైలు పాత జిల్లాలో ఉందన్నారు. అక్కడికి వెళితే కొత్త జిల్లాకు పంపేశామన్నారు. రెండు ఆఫీసుల మెట్లెక్కి మోకాళ్ళు అరిగాయి. ఒకప్పుడు ప్రతి స్కూల్లో గోడకు జిల్లా పటం ఉండేది, పిల్లలు తమ ఊరి చెరువును వేలితో చూపించేవారు. ఇప్పుడు పటం లేదు, అడిగే టీచరూ లేడు. యేర్పేడులో ఐఐటీ, సైన్సు విద్యాసంస్థ ఐసర్ రెండూ ఉన్నాయి, ఊళ్ళో యూనివర్సిటీ ఉంది. ఏడాదికోసారి జనవరిలో ప్రతి చెరువు బొమ్మ తీసి, పోయినేటి బొమ్మ పక్కన పెట్టి, గ్రామ సచివాలయం గోడకు అంటించడం వీళ్ళందరికీ కలిపి అంత కష్టమైన పనా?

మీరు ఆ వార్త మళ్ళీ వేయాలి. ఈసారి తేదీలతో, జనవరి పక్కన జనవరితో వేయాలి. మేము తీసిన బొమ్మలన్నీ పంపిస్తాను. చెరువు మొరవ రాయి ఇంకా అక్కడే ఉంది, ప్లాట్లలో మూడో వీధి చివర, కరెంటు స్తంభం పక్కన. మీ విలేకరి ఏ రోజు వచ్చినా నేనే తీసుకెళ్ళి చూపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత సోషల్ టీచరు,
తిరుపతి