పేరులో ఒక్క మాట, జేబులో పదివేలు

సంపాదకులకు,

టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోళ్ల ధర మీద గొణిగేవాళ్లం పేరును సరిగ్గా చదవం. మైక్రోసాఫ్ట్ 2017లో ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్, 2020లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ తెచ్చింది. రెండూ 'ఎక్స్'లే, మధ్యలో ఒక తరం తేడా. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు పెట్టె మీద 'సిరీస్' అన్న మాట ఉందో లేదో చూడాలి. లేకపోతే కొత్తగా వచ్చే గేములు చాలావరకు అందులో నడవవు. నింటెండో అయితే 2012లో తన కొత్త కన్సోల్‌కు 'వీ యూ' అని పేరు పెట్టి చేతులు కాల్చుకుంది. పాత కన్సోల్ 'వీ'కి తగిలించే సామాను కాబోలని చాలామంది వదిలేశారు. 2025లో 'స్విచ్' తర్వాతి కన్సోల్‌ను బుద్ధిగా 'స్విచ్ 2' అంది.

ఇక డిస్కు సంగతి. 2021లో సోనీ వారి పీఎస్5 (ప్లేస్టేషన్ 5) మన దేశానికి వచ్చినప్పుడు డిస్క్ డ్రైవ్ ఉన్నది రూ.49,990, అది లేకుండా డౌన్‌లోడ్ గేములే ఆడేది రూ.39,990. చవకదే లాభమనిపిస్తుంది. కానీ రూ.4,999 పెట్టి కొన్న డిస్కును ఆడేశాక సగానికి అమ్మినా, నాలుగు గేములతో ఆ పదివేలు తిరిగొస్తాయి. డౌన్‌లోడ్ గేమును అమ్మలేం, పక్కింటి కుర్రాడికి అరువూ ఇవ్వలేం.

ఇక జాగా సంగతి. ఎక్స్‌బాక్స్‌లోనే చవక రకమైన సిరీస్ ఎస్ 512 జీబీ మోడల్లో వాడుకోవడానికి మిగిలేది దాదాపు 364 జీబీయే. వంద జీబీ దాటిన గేములు మూడు పడితే నిండిపోతుంది. మామూలు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ తగిలిస్తే ఈ తరం గేములను దాచుకోవచ్చు గానీ, దాని నుంచి ఆడలేం. మళ్లీ లోపలికి కాపీ చేసుకోవాల్సిందే. పండగ ఆఫర్ల ప్రకటనల్లో ధరను అరచేయంత అక్షరాల్లో వేసే దుకాణాలు, డిస్క్ డ్రైవ్ ఉందా, మిగిలే జాగా ఎంత అన్నది కూడా పక్కనే వేయాలి.

- ఒక పాఠకుడు, విజయవాడ