మేనేజర్ పేరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీల్లో షార్ట్ ఫిల్మ్ పోటీలో గెలిచిన కాలేజీ పిల్లల గురించి రాశారు. ఫొటోలో డైరెక్టరు, హీరో, కెమెరా మెడలో వేసుకున్న ఒకబ్బాయి ఉన్నారు. బుర్రలో కథ, చేతిలో మంచి ఫోన్ ఉంటే ఇవాళ ఎవరైనా సినిమా తీసేయొచ్చు అన్న ధోరణిలో సాగింది వ్యాసం. బాగానే ఉంది, చదివి సంతోషించాను కూడా. కానీ కథకీ ఫోనుకీ మధ్య రెండు మూడు నెలల చాకిరీ ఉంటుంది, దాని ఊసే లేదు. ఆ చాకిరీ చేసినదాన్ని కాబట్టి రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే, కత్తిరిస్తే కత్తిరించండి.

నేను విశాఖలో ఇంజనీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాను. ఈ మేలో మా క్లబ్ తరఫున తొమ్మిది మందిమి కలిసి పదకొండు పేజీల స్క్రిప్టుతో ఒక సినిమా తీశాం. మొదటి మీటింగులోనే నలుగురు డైరెక్షన్ చేస్తామన్నారు, ఇద్దరు కెమెరా అన్నారు, ఇద్దరు నటిస్తామన్నారు, మిగిలింది నేను. నన్ను ప్రొడక్షన్ మేనేజర్‌ని, అంటే షూటింగ్ ఏర్పాట్లన్నీ చూసేదాన్ని, చేశారు. ఎందుకయ్యా అంటే నా చేతిరాత బాగుంటుందట, నిజంగా ఇదే కారణం చెప్పారు. డైరెక్టర్ ఎవరన్నది చీటీలు వేసి తేల్చాం, ఓడిన ముగ్గురూ అసిస్టెంట్లయ్యారు. అసిస్టెంట్ అంటే మా దగ్గర మానిటర్ వెనక నిలబడి సలహాలిచ్చేవాడని అర్థం.

కథ చిన్నది. భీమిలిలో ఒక జాలరి, వేటకెళ్లి తిరిగిరాని కొడుకు. స్క్రిప్టు చివరి సీన్లో సముద్రంలో సూర్యుడు మునుగుతుంటే తండ్రి ఒడ్డున నిలబడి చూస్తుంటాడు. మేమందరం పుట్టి పెరిగింది విశాఖలోనే, చిన్నప్పటి నుంచి ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న కంకులు తిన్నవాళ్లమే, అయినా మన సముద్రంలో సూర్యుడు పొద్దున లేస్తాడే తప్ప సాయంత్రం మునగడని నాలుగు మీటింగుల దాకా ఒక్కరికీ తట్టలేదు. బొంబాయి సినిమాలు చూసి చూసి సాయంత్రం అంటే సముద్రంలో ఎర్రటి బంతి అని కళ్లకి అలవాటైపోయింది. కనిపెట్టింది మా అమ్మ. డైనింగ్ టేబుల్ మీద పడేసిన కాగితాలు చదివి, "మన బీచ్‌లో సూర్యుడు ఎప్పుడు మునిగాడే?" అంది. ఆ రాత్రి గ్రూపులో ఈ మాట పెడితే అరగంట ఎవరూ రిప్లై ఇవ్వలేదు.

సరే, తెల్లవారుజామున తీసి సాయంత్రం అని నమ్మిద్దాం అన్నాడు డైరెక్టర్. అనడం తేలికే. మేలో మా దగ్గర ఐదున్నర కాకముందే సూర్యుడు వచ్చేస్తాడు, ఆ మెత్తటి వెలుగు ఉండేది మహా అయితే ముప్పావుగంట. అంటే నాలుగింటికల్లా అందరూ భీమిలి ఒడ్డున ఉండాలి, అంటే నగరంలో మూడింటికి బయల్దేరాలి, అంటే బండి ముందు రోజే మాట్లాడి పెట్టాలి, రెండున్నరకి ఎనిమిది మందికి ఫోన్లు చేసి లేపాలి. ఈ "అంటే"లన్నీ ఎవరో ఒకరు కూర్చుని వరసగా రాయాలి కదా. అదే నా ఉద్యోగం.

రెక్కీ, అంటే షూటింగ్ చేసే చోటు ముందే వెళ్లి చూసుకోవడం, ఫిబ్రవరిలో చేశాం. ఫైబర్ బోట్లు పొద్దున్నే ఒడ్డుకొస్తున్నాయి, ఆడవాళ్లు తట్టలతో ఎదురెళ్తున్నారు, మా కెమెరా కుర్రాడు ఫొటోలు తీసి తీసి ఫోన్ నింపేశాడు. పరీక్షలయ్యాక మే మొదటి శని, ఆదివారాల్లో షూటింగ్ అనుకున్నాం. అందరూ సిలబస్‌లో మునిగిపోయారు. షూటింగ్‌కి వారం ముందు బోటు అద్దె మాట్లాడదామని నేను మళ్లీ వెళ్తే బోట్లన్నీ ఇసకలోకి లాగేసి ఉన్నాయి, కొన్నిటికి ఇంజన్లు కూడా లేవు, విప్పి ఇళ్లకి పట్టుకుపోయారు. వల బాగుచేసుకుంటున్న ఒక తాత నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఏటమ్మా, ఏట లేని రోజుల్లో వొచ్చి ఏటకెల్లే సినిమా తీత్తారేటి?" అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు వేటకి వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఏటా ఉండే నిషేధమే, ఏటా మీ పేపర్లో కూడా వస్తుంది. రోజూ ఆ సముద్రం పక్కనుంచే కాలేజీ బస్సులో వెళ్లే మాకు మాత్రం తెలియదు.

ఆరు రోజుల్లో స్క్రిప్టు మార్చాం. డైరెక్టర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నిషేధం నేనే పెట్టినట్టు. చివరికి తండ్రి ఒడ్డున ఉన్న బోటుకి రంగు వేస్తుంటాడు, జూన్ 15న కొడుకు వస్తాడన్నట్టు. మొదటి కథకన్నా ఇదే నయమని ఇప్పుడు అందరూ అంటున్నారు, ముఖ్యంగా అప్పుడు మాట్లాడనివాడు.

స్క్రిప్టుని షాట్లుగా విడగొట్టే షాట్ డివిజన్ దగ్గర అసలు గొడవ. మా డైరెక్టర్ 74 షాట్లు రాసుకొచ్చాడు. రెండు రోజుల షూటింగ్, అందులో ఎండ నెత్తికెక్కాక బయట తీయలేం, అనుభవం లేనివాళ్లం. ఒక షాట్‌కి కెమెరా పెట్టి, లైటు సరిచేసి, రిహార్సల్ చేసి, మూడు టేకులు తీస్తే ఎంత లేదన్నా ఇరవై నిమిషాలు. నోటు పుస్తకంలో లెక్క వేసి చూపిస్తే "నువ్వు నా విజన్‌ని లెక్కల్లో పెడుతున్నావ్" అన్నాడు. నిజమే, పెట్టాను. 46కి దించాం. వాటిని కథ వరసలో కాకుండా చోటు ప్రకారం, వెలుగు ప్రకారం పేర్చాం. ఆఖరి సీన్ మొదటి రోజు పొద్దున్నే, మొదటి సీన్ రెండో రోజు మధ్యాహ్నం ఇంట్లో. సినిమావాళ్లకి ఇది కొత్తేం కాదు, కానీ క్లాసులో చెప్పినప్పుడు తలూపడం వేరు, కొడుకు పోయిన సంగతి తెలిశాక ఉండాల్సిన ముఖం మొదటి రోజే పెట్టాలని నటించేవాళ్లకి తెల్లవారుజామున నాలుగింటికి వివరించడం వేరు.

తండ్రి వేషం మా హాస్టల్ మెస్‌లో వంట చేసే బాబాయ్‌ది. మాకన్నా బాగా చేశాడు. ఆయనకి ఆ తర్వాతి వారం మేనల్లుడి పెళ్లి, పెళ్లికి గడ్డం గీయించుకోవాలి, అందుకే రెండు రోజులూ పక్కపక్కనే పెట్టాను. ఒక రోజు ఇప్పుడు, ఇంకో రోజు వచ్చే వారం పెట్టుకుందాం అని గ్రూపులో అందరూ అన్నప్పుడు నేనొక్కదాన్నే ఎందుకు మొండికేశానో మా డైరెక్టర్‌కి ఈ ఉత్తరం చదివితేనే తెలుస్తుంది. బాబాయ్ ఎడమ చేతికి గుడ్డ కట్టు ఉంటుంది కథలో. రెండో రోజు తొందరలో కుడిచేతికి కట్టేశారు. ముందు రోజు ప్రతి షాట్ అయ్యాక నేను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాను కాబట్టి మూడో టేకుకి ముందు దొరికింది. నీలం గళ్ల లుంగీ, భుజం మీద తువ్వాలు, కట్టు ఎడమ చేతికి, ముడి లోపలికి. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మనవడి పాత్రకి పదేళ్ల బాబు ఉన్నాడు, ఆ వీధివాడే. పిల్లలతో రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదని, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదని బాలనటుల గురించి నిబంధన ఉంది. మాది డబ్బులిచ్చే సినిమా కాకపోయినా అదే లెక్క పాటించాం, ఎవరు ఎన్నింటికి రావాలో రాసుకునే కాల్ షీట్ మీద "బాబు, 10కి ప్యాకప్" అని ఎర్ర స్కెచ్‌తో రాశాను. పదింటికి వాడే వచ్చి "అక్కా, ప్యాకప్" అన్నాడు. సెట్లో టైమ్ పాటించినవాడు వాడొక్కడే.

డ్రోన్ గురించి ఒక మాట. మాలో ఒకడి అన్నయ్య దగ్గర డ్రోన్ ఉంది, తెచ్చి ఎగరేద్దాం అన్నాడు. విశాఖ అంటే తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక ఎక్కడ ఎగరేయొచ్చో ఎక్కడ కూడదో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో మ్యాపు ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై వెబ్‌సైట్లో ఉంటుంది, ముందు అది చూసి రారా అన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పోలీస్ స్టేషన్‌కి మాత్రం ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్ పట్టుకెళ్లి ఇచ్చాం, వీధిలో పెద్దవాళ్లకి ఇంటింటికీ వెళ్లి చెప్పాం. దానికి ఒక సాయంత్రం, నాలుగు టీలు ఖర్చయ్యాయి, రెండు రోజులూ ఎవరూ ఒక్క మాట అనలేదు.

కెమెరా టెస్టు హాస్టల్ గదిలో చేస్తే వీడియో అంతా చారలు చారలుగా వణికింది. కెమెరా పాడైందని అందరికీ టెన్షన్. తీరా చూస్తే మా కెమెరా కుర్రాడు అమెరికా వాళ్ల ట్యుటోరియల్ చూసి షటర్ 60 మీద, అంటే సెకనులో అరవయ్యో వంతు మీద, పెట్టాడు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, ట్యూబులైటు ఆ లయకే మినుకుమంటుంది. షటర్ 50కి మార్చగానే ట్యూబులైటు బుద్ధిగా వెలిగింది. ఈ ముక్క షూటింగ్ రోజున తెలిసుంటే ఒక పూట పోయేది.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి, లేకపోతే అన్నీ నేనే చేశానన్నట్టుంటుంది. ఇంట్లో సీన్లు మా ఫ్రెండ్ వాళ్ల పెద్దమ్మ ఇంట్లో తీశాం. మైకులో ఫ్రిజ్ హోరు వస్తోందంటే ప్లగ్ తీసేయమన్నది నేనే. ఫ్రిజ్ ఆపితే బండి తాళం అందులో పెట్టాలి, అప్పుడు వెళ్లేటప్పుడు తప్పకుండా గుర్తొస్తుంది అని ఎక్కడో చదివాను కూడా, పెట్టలేదు. సాయంత్రం అందరం సామాన్లు సర్దుకుని, ఎడిటింగ్‌లో మాటల మధ్య అతకడానికి గదిలో నిశ్శబ్దాన్ని ముప్పై సెకన్లు రికార్డు చేసుకుని, పెద్దమ్మకి దండం పెట్టి వచ్చేశాం. మే నెల. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. ఇడ్లీ పిండి పొంగి గిన్నె మూత తోసేసి కింద కూరగాయల అరలోకి కారింది. రెండు కేజీల రొయ్యలు కూడా ఉన్నాయట. రొయ్యల డబ్బు ఇస్తామంటే తీసుకోలేదు, మర్నాడు షూటింగ్‌కి వెళ్తే టిఫిన్ కూడా పెట్టింది, ఉప్మా. ఎందుకు ఉప్మానో ఎవరూ అడగలేదు.

డబ్బుల సంగతి త్వరగా చెప్పేస్తాను. మనిషికి 1,500 చొప్పున 13,500 పోగవ్వాలి. షూటింగ్ నాటికి వచ్చింది 9,000. కెమెరా, లెన్సుల అద్దె ఎంతయిందో, భోజనాలూ టీలూ నీళ్లూ దాదాపు అంతే అయ్యాయి. పులిహోర ప్యాకెట్లు ఎన్ని తేవాలో లెక్క వేయడం ఎవరూ స్క్రీన్‌ప్లే పుస్తకాల్లో రాయరు, కానీ పన్నెండింటికి ఆకలేస్తే ఏ డైరెక్టర్ విజనూ నిలబడదు.

సినిమా కాలేజీలో వేశారు, చప్పట్లు కొట్టారు. మినీ ప్రాజెక్టు కింద మార్కులు కూడా ఇచ్చారు. ఫారంలో డైరెక్షన్‌కి ఒక గడి, కెమెరాకి ఒకటి, ఎడిటింగ్‌కి, నటనకి ఒక్కోటి ఉన్నాయి. ప్లానింగ్‌కి గడి లేదు. నన్ను "ఇతరులు" కింద వేసి అందరికీ కలిపి ఇచ్చే మార్కు ఇచ్చారు. టైటిల్స్‌లో నా ఇంటిపేరు తప్పు పడింది, ఎడిటింగ్ చేసినవాడు సారీ చెప్పాడు, రెండర్, అంటే సినిమా మొత్తాన్ని ఒక ఫైలుగా తయారుచేయడం, మళ్లీ పెట్టాలంటే ఆరు గంటలు పడుతుందన్నాడు. పోనీలే అన్నాను. అనకుండా ఉండాల్సింది. వచ్చే ఏడాది జూనియర్లలో మేనేజర్ పని ఎవరు చేస్తారు అని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు, లేవదు మరి, ఏం చూసి లేస్తుంది?

కాలేజీవాళ్లకి ఆ గడి సంగతి విడిగా రాశాను. మీకు అడిగేది చిన్న విషయం. ఇకమీదట ఇలాంటి పిల్లల సినిమాల గురించి వేసినప్పుడు డైరెక్టర్, హీరోల పేర్ల పక్కన షూటింగ్ ఏర్పాట్లు చూసినవాళ్ల పేరు కూడా అడిగి వేయండి. ఒక్క లైను చాలు. ఫొటోలో చోటు లేకపోయినా ఫర్వాలేదు, ఫొటో తీసే టైముకి వాళ్లు ఎలాగూ అద్దె సామాను తిరిగిచ్చేయడానికి వెళ్లి ఉంటారు.

షూటింగ్ మొదలుపెట్టబోయే పిల్లలకి పనికొస్తుందంటే మా రెండు రోజుల కాల్ షీట్ ఫొటో పంపిస్తాను, వేసుకోండి. రెండో పేజీ మూల ఇడ్లీ పిండి మరక ఉంటుంది, అది మాత్రం కత్తిరించకండి.

ఇట్లు,
ఒక ఫైనలియర్ విద్యార్థిని,
విశాఖపట్నం