వేలం ప్రకటనలో ఉన్న ఆ నంబరు ఎవరిది?

సంపాదకులకు,

పత్రికల లోపలి పేజీల్లో బంగారు నగల వేలం ప్రకటనలు బారెడు బారెడు వస్తున్నాయంటే జనం చేతిలో డబ్బు ఆడటం లేదని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. పని పోయినా, పంట ధర పడినా మన ఇళ్లలో కోత ఒక వరసలోనే పడుతుంది. ముందు చీటీ వాయిదా తప్పుతుంది, తర్వాత పిల్లల టర్ము ఫీజు, ఆపైన ఎల్‌ఐసీ ప్రీమియం. అదీ చాలనప్పుడు బీరువాలోని నగ బయటికొస్తుంది. 2020 ఏప్రిల్-జూన్ నెలల్లో దేశ జీడీపీ అంతకు ముందేడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయినప్పుడూ ఇదే వరస. ప్రైవేటు బడుల టీచర్లు ఉపాధి హామీ పనికి వెళ్లిన రోజులవి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది.

1930ల మాంద్యంలోనూ రైతుల ఇళ్ల బంగారం కదిలింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని, అంటే కరెన్సీ విలువను బంగారంతో ముడిపెట్టే పద్ధతిని, వదిలేశాక, శిస్తుకీ అప్పులకీ తెగనమ్మిన నగలు ఓడలెక్కి దేశం దాటాయి. అప్పుడు అమ్ముకున్నారు, ఇప్పుడు తాకట్టు పెడుతున్నాం. నగ చివరికి ఎక్కడ పోతోందన్న లెక్క మాత్రం చాలామందికి తెలియదు.

2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, వ్యవసాయేతర అవసరాలకు బ్యాంకులిచ్చే బంగారు రుణాల పరిమితిని నగ విలువలో 75 శాతం నుంచి 90 శాతానికి పెంచింది. 2021 మార్చి 31 వరకే ఆ వెసులుబాటు. సరిగ్గా ఆ ఆగస్టులోనే పది గ్రాముల మేలిమి బంగారం 56 వేల దాకా ఎగబాకింది. మార్చికల్లా 44 వేల చిల్లరకు దిగింది. అంటే ఐదో వంతు పైగా తరుగుదల. ఐదు కాసుల గొలుసు, అంటే 40 గ్రాములు, విలువ రెండు లక్షలు అనుకుందాం. 90 శాతం లెక్కన అప్పు 1,80,000. ఏడాదికి 9 శాతం వడ్డీ కలిస్తే 1,96,200. ధర 20 శాతం పడితే గొలుసు విలువ 1,60,000. అప్పు నగను మింగేసింది. అదే 75 శాతం తీసుకుని ఉంటే అప్పు 1,50,000, వడ్డీతో 1,63,500. మధ్యలో ఒక్కసారి నాలుగైదు వేల వడ్డీ కట్టినా గొలుసు విలువ అప్పుకు సరిపోయేది. కష్టకాలంలో ఎక్కువ అప్పు ఇవ్వడం మేలు చేసినట్టే కనిపిస్తుంది. ధర శిఖరం మీదున్నప్పుడు ఇస్తే మాత్రం అది ఉరి. 2025లో పది గ్రాములు లక్ష దాటాక మళ్లీ అదే సంబరంతో తాకట్టు పెడుతున్నారు కాబట్టే ఈ లేఖ.

2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి అమలుకు గడువు 2026 ఏప్రిల్ 1. రెండున్నర లక్షల వరకు రుణానికి నగ విలువలో 85 శాతం, ఐదు లక్షల వరకు 80, ఆపైన 75. చిన్న అప్పుకే పెద్ద శాతం ఇవ్వడం మాకు సరైందిగా తోచదు. తట్టుకునే శక్తి తక్కువ ఉన్నది చిన్న అప్పు తీసుకునేవాళ్లకే కదా. అయితే ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే రుణాల్లో ఈ శాతాన్ని వడ్డీతో కలిపి లెక్కగట్టాలన్నారు. అది మంచి పని. పై గొలుసు మీద 85 శాతం అంటే 1,70,000. ఏడాదికి 9 శాతం వడ్డీతో కలిపి బాకీ అంతకు మించకూడదంటే చేతికొచ్చేది సుమారు 1,56,000.

తాకట్టు పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నాయి. రాళ్లు, లక్క, నల్లపూసల బరువు తీసేసి బంగారానికే విలువ కడతారు. ఆ నికర బరువు, స్వచ్ఛత రాసిన కాగితం అడిగి తీసుకోవాలి. తూకం, పరీక్ష మన కళ్ల ముందే జరగాలి. నగలన్నీ ఒకే ఖాతాలో పెట్టడం పెద్ద పొరపాటు. రెండు గాజులు ఒక ఖాతాలో, గొలుసు ఇంకో ఖాతాలో పెడితే, చేతిలో ఉన్నంతలో ఒకటి విడిపించుకోవచ్చు. వాయిదా తప్పినా రెండూ ఒకేసారి పోవు. మంగళసూత్రం గొలుసు ఎప్పుడూ విడిగా ఉండాలి. ఇక తిరగరాయడం. వడ్డీ కట్టడానికి డైలీ ఫైనాన్స్ దగ్గర చేబదులు తెచ్చి, సాయంత్రానికి అదే నగ మీద కొత్త అప్పు ఎత్తుతారు. కాగితం మీద పాత అప్పు తీరినట్టే ఉంటుంది, అసలు మాత్రం ఏటా పెరుగుతుంది.

వేలం దాకా వస్తే హక్కులు లేవనుకోకండి. కాంట్రాక్టు చట్టం 176వ సెక్షన్ ప్రకారం ముందస్తు నోటీసు ఇవ్వాలి. 177 ప్రకారం నగ నిజంగా అమ్ముడయ్యే దాకా బాకీ, ఆలస్యం వల్ల పడిన ఖర్చులు కట్టి విడిపించుకోవచ్చు. కొత్త నిబంధనల్లో వేలం కనీస ధర అప్పటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు. రెండుసార్లు వేలం విఫలమైతేనే 85 శాతం. బాకీ పోగా మిగిలింది, వేలం సొమ్ము పూర్తిగా అందిన ఏడు పనిదినాల్లో అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలి. మిగులు అడగకుండా ఊరుకున్న కుటుంబాలు లెక్కలేనన్ని.

పత్రికకు మా విన్నపం ఒకటి. వేలం ప్రకటన ఒక ప్రాంతీయ భాషా పత్రికలో, ఒక జాతీయ పత్రికలో వేయాలన్నది నియమం. కానీ వస్తున్నవాటిలో భూతద్దం పెడితే తప్ప కనబడని ఖాతా నంబర్ల వరసలే ఎక్కువ. రసీదు పారేసుకున్న ఇల్లాలికి ఆ నంబరు తనదో కాదో ఎలా తెలుస్తుంది? ప్రకటన తీసుకునేటప్పుడు శాఖ ఉన్న ఊరు, మండలం, వేలం తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాలని మీ ప్రకటనల విభాగం పట్టుబట్టవచ్చు. దాని కిందే, అమ్మకం పూర్తయ్యేవరకు కట్టి విడిపించుకోవచ్చని, మిగులు సొమ్ము తిరిగి రావాలని రెండు వాక్యాలు వేయండి. నాలుగు సెంటీమీటర్ల జాగా చాలు.

- సహకార బ్యాంకు విశ్రాంత ఉద్యోగులు, తెనాలి